నల్లమబ్బులో పురుడు

మనమెరిగిన చీకట్లన్నీ చీకటి పిల్లలే. దీపం ఆర్పిన గదిలో కాసేపు కళ్ళు నిలిపితే తలుపెక్కడో, మంచమెక్కడో తెలుస్తుంది. ఆ నల్లమబ్బులో అంతపాటి దయ కూడా లేదు. ఓడ దాని లోపలికి చేరిన నాటినుంచీ కిటికీలన్నిటికీ బయటినుంచి ఎవరో బొగ్గు పూసి పోయినట్టే ఉంది. అవతల కోట్ల నక్షత్రాలు వెలుగుతూనే ఉన్నాయి, మధ్యలో మాత్రం మసి. ఒత్తి కొసన లేచే మసికన్నా సన్నని దుమ్ము. గుప్పెట పడితే ఏమీ చిక్కదు. కానీ అది పరుచుకున్న మేర ఎంతటిదంటే, వెలుగు కూడా నడిచి నడిచి కాళ్ళు పీకి మధ్యలోనే కూలబడుతుంది.

ఓడంటే చిన్నదనుకునేరు. అందులో వీధులున్నాయి, వీధికి రెండువైపులా ఇళ్ళున్నాయి, ఎదురింటివాళ్ళ గొడవలు వినడానికి సన్నటి గోడలూ ఉన్నాయి. బయల్దేరినప్పుడు చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్నారు. ఇన్నేళ్ళ ప్రయాణమూ ఈ నల్లమబ్బును చూడడానికే. దాని నడిమధ్య దుమ్మంతా దగ్గరికి చేరి గడ్డకట్టిన చోటు ఒకటుంది. దాన్ని అందరూ గడ్డ అనే పిలిచేవారు. ఎప్పటికైనా చుక్క పుడితే అలాంటి గడ్డలోనే పుడుతుందని పెద్దల మాట.

ఆ ఓడలో చూపుగది పని చేసే ఆవిడను అందరూ చుక్కలమ్మ అనేవారు. ఎక్కడ ఏ చుక్క ఉందో, ఓడ ఎటు పోతోందో చూసి చెప్పడం ఆవిడ పని. నలుగురిలో మాట చెల్లిన మనిషి. అలాంటిది నల్లమబ్బులోకి వచ్చాక ఆవిడకు చూడడానికి ఏమీ లేకుండా పోయింది. పొద్దున్నే తల దువ్వుకుని వెళ్ళి, చీకటి ముందు కూర్చుని, సాయంత్రం దీపాలు తగ్గించే వేళకు తిరిగి రావడం. "ఏమ్మా, ఇవాళేం కనబడింది?" అని వీధిలో ఎవరైనా అడిగితే, వాళ్ళు ఊరికే అడిగినా ఆవిడకు ఎకసెక్కంలాగే వినిపించేది. పని లేని మనిషికి చెవులు పెరుగుతాయి.

ఆవిడ భర్త నీళ్ళ గదిలో పని చేసేవాడు. ఓడలో వాడిన నీళ్ళన్నీ ఆయన చేతిమీదుగానే వడకట్టి మళ్ళీ వాడకానికి వస్తాయి. మంచివాడే, కానీ నోట్లో మాట ఆగదు. ఒకరోజు భోజనాల గదిలో అందరూ కూర్చున్నప్పుడు అన్నాడు కదా, "మా ఆవిడకు కోట్ల ఆమడల అవతలున్న చుక్క కనబడుతుందండీ. కాళ్ళకింది చెప్పు మాత్రం కనబడదు. నిన్నంతా నా చెప్పొకటి, తన చెప్పొకటి వేసుకుని తిరిగింది!"

గది గదంతా గొల్లుమంది. ఎవరో ఆవిడ కాళ్ళవైపు వంగి చూశారు కూడా. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉంది కదా, ఆవిడకు అలా అయింది. కంచం అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆ పూటనుంచి ఆయనతో మాటల్లేవు.

ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేకపోవడమంటే మూడో మనిషికి పని పెరగడమే. ఆ మూడో మనిషి అత్తగారు.

"అత్తయ్యా, మీ అబ్బాయిని తువ్వాలు అక్కడ వెయ్యొద్దని చెప్పండి."

"ఒరేయ్, తువ్వాలు అక్కడ వెయ్యొద్దట."

"ఎక్కడెయ్యాలో కూడా చెప్పమనమ్మా."

"ఎక్కడెయ్యాలట కోడలా? నా నెత్తినెయ్యమంటావా? ఎదురెదురుగా కూర్చుని నన్ను మధ్యలో పెట్టి బంతులాడుతున్నారే! మీ పెళ్ళి చేసింది నేనే, ఇప్పుడు కాపురమూ నేనే చెయ్యాలా?"

అలా రోజులు గడుస్తున్నాయి.

చూపుగదిలో వేడికన్ను అని ఒక పరికరం ఉంది. చీకట్లో మామూలు చూపు పనికిరాదు కనక, ఎక్కడ కాస్త వెచ్చదనమున్నా పసిగట్టే కన్ను అది. పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతున్నా గోడలోంచి తెలుసుకునేంత చురుకు. అందుకే ఓడలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వడకట్టినా ఇక పనికిరాని అడుగునీళ్ళు, బట్టలుతికిన వేడినీళ్ళు తూము తీసి బయటికి వదిలేస్తారు. వేడికన్ను తెరిచే ముందు చుక్కలమ్మ నీళ్ళ గదికి మైకులో "తూము కట్టండి" అని చెప్పాలి. మళ్ళీ ఆవిడ "వదలండి" అనేదాకా అక్కడ చుక్క నీరు బయటికి పోకూడదు. ఆ మైకు ఆ రెండు గదులకే. ఇటు భార్య, అటు భర్త. చెప్పే మాట వాళ్ళ నోటితోనే చెప్పాలి, ఇంకొకరితో కబురంపడానికి లేదు.

ఆ రోజు చుక్కలమ్మ మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది. 'నేనెందుకు ముందు మాట్లాడాలి?' అనుకుంది. 'అయినా ఇవాళ ఉతుకు లేదుగా' అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఉతుకు లేని మాట నిజమే, వారం వారం లెక్కన చూస్తే. కానీ ఆ వారం దుప్పట్లన్నీ మసివాసన వేస్తున్నాయని ఉతుకు ముందుకు జరిపారు. భర్తతో మాటలుంటే ఆ సంగతి ముందురోజే అన్నం దగ్గర తెలిసేది. ఆవిడ మైకు ముట్టుకోకుండానే వేడికన్ను తెరిచింది.

తెరిచిందో లేదో, కనబడింది. అంత చీకటి మధ్య ఒక మెత్తటి వెచ్చటి మచ్చ. కడుపులో బిడ్డ కదిలినట్టు అంచులు కదులుతున్నాయి. చుక్కలమ్మకు ఒళ్ళు జలదరించింది. ఎవరూ ఎన్నడూ చూడనిది. నల్లమబ్బు కడుపున చుక్క పుడుతోంది!

రెండోసారి సరిచూసుకోవాలి. ఓడ కాస్త పక్కకు జరిగాక మళ్ళీ చూస్తేనే ఆ మచ్చ దూరానిదో దగ్గరిదో తేలుతుంది. ఆవిడకు తెలుసు. కానీ అప్పటికే ఆవిడ వీధిలో పరిగెడుతోంది.

ఓడను నడిపించే పెద్దాయన ఆ మచ్చను తన కళ్ళతో చూసి కుర్చీలో కూలబడిపోయాడు. "తల్లీ, ఎంత పని చేశావు!" అన్నాడు. ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. సాయంత్రానికి వీధులన్నిటా అదే కబురు. భోజనాల గదిలో ఆవిడను నడిమధ్య కూర్చోబెట్టారు. మొన్న ఆవిడ కాళ్ళవైపు వంగి చూసినవాళ్ళే ఇప్పుడు ఆవిడ కళ్ళలోకి చూస్తున్నారు.

"మా కోడలు మంత్రసాని అయిందర్రా! ఏకంగా చుక్కకే పురుడు పోసింది!" అని అత్తగారు ఇంటింటికీ వెళ్ళి చెప్పింది.

భర్త దూరంగా నిలబడి నవ్వాడు. ఆవిడ చూసీ చూడనట్టు తల తిప్పుకుంది.

ఇక్కడ మసితాత సంగతి చెప్పాలి. ఓడలో అందరికన్నా పెద్దవాడు. జీవితమంతా ఈ దుమ్ము గురించే చదివాడు, దీని గురించే కలలు కన్నాడు. చెవి కాస్త దూరం, కానీ మనసు చురుకు. ఓడలో బయటికి వెళ్ళిరాగల పడవ ఒకటే ఉంది. ఈ మబ్బులో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి పోయి రావడానికే దానికి ఇంధనం సరిపోతుంది. ఆ ఒక్క ప్రయాణం మసితాతను గడ్డ దగ్గరికి తీసుకెళ్ళడానికని ఓడ బయల్దేరిన నాడే మాటిచ్చారు. తాత తన సీటుకు మెత్త కూడా కుట్టించుకున్నాడు.

ఆ సాయంత్రం మసితాతే లేచాడు. "పడవను చుక్క దగ్గరికి పంపండి. గడ్డదేముంది, అది ఎక్కడికీ పోదు. పురిటిబిడ్డను ఎవరు చూస్తారు మళ్ళీ? అంత దూరానికి పడవ ఒక్కరినే మోస్తుంది, నాకు కుదరకపోతే మానె" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చుక్కలమ్మ కూడా కొట్టింది.

తర్వాత ఆవిడ వేడికన్ను తెరిచినప్పుడల్లా మచ్చను చూస్తోంది. మచ్చ వెలవెలబోతోంది. ముందు కన్ను మీద నెపం పెట్టింది. తుడిచి చూసింది. మచ్చ ఇంకా పాలిపోయింది. పుట్టే చుక్క రోజురోజుకీ వేడెక్కాలి కానీ చల్లారుతుందా? ఓడ ఇంత దూరం జరిగినా మచ్చ మాత్రం ఓడ పక్కనే, చీర చెంగు పట్టుకున్న పిల్లలాగా వెంట వస్తోంది.

చుక్కలమ్మ వేడికన్ను మూసేసింది. మెట్లు దిగి నీళ్ళ గదికి వెళ్ళింది.

భర్త ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, వడపోత జల్లెడ కడుగుతున్నాడు.

"దుప్పట్లెప్పుడు ఉతికారు?" అంది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "నాతోనేనా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

"ఏమో. అమ్మను పిలవమంటావేమో అనుకున్నా."

"వేళాకోళం చాలు. నేను చుక్కను చూసిన రోజు తూము తీశారా?"

"తీశాను. దుప్పట్ల నీళ్ళు. బోలెడు వేడినీళ్ళు. నువ్వు కట్టమనలేదుగా. అందుకని కన్ను తెరవలేదనుకున్నా." అంటూ ఆగాడు. జల్లెడ చేతిలోంచి జారింది. "అయితే ఆ బిడ్డ..."

"మన దుప్పట్ల మురికి."

ఆయన పెదవులు నవ్వుకు సిద్ధమయ్యాయి. ఆవిడ మొహం చూసి వెంటనే ఆపుకున్నాడు.

"పడవ ఇంకా బయల్దేరలేదు. ఇప్పుడే వెళ్ళి చెప్పు. నేను రానా?"

"వద్దు. నా నోరు నాకుంది" అంది చుక్కలమ్మ.

నోరుంది. అది పెగలడమే లేదు. పడవ ఉండే షెడ్డు రెండు వీధులవతల. ఆ రెండు వీధులూ దాటేలోపు ఎంతమంది ఆపారో! ఒకావిడ చంటిదాన్ని తెచ్చి "నీ చెయ్యొకసారి దీని తలమీద పెట్టు తల్లీ, నీ చూపొస్తే చాలు" అంది. చుక్కలమ్మ చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తనది కానట్టుంది. తేలు కుట్టిన దొంగలాగా ఉలకలేదు, పలకలేదు.

షెడ్డులో పడవ నడిపే పిల్ల ఉంది, తన ఆడపడుచే. ఒక్కచోట నిలవదని అందరూ గాలిపటం అంటారు. మందపాటి దుస్తులు వేసుకుని సిద్ధంగా నిలబడింది.

"వదినా! వచ్చావా? నీ చుక్కకు ఏం తీసుకెళ్ళమంటావు? ఉగ్గుగిన్నా, ఊయల గుడ్డలా?"

"అమ్మాయ్..." అంది చుక్కలమ్మ.

"ఏడవకు వదినా, జాగ్రత్తగానే వెళ్తాను. నీ బిడ్డను నొప్పించను."

పక్కనే మసితాత తన సీటుకని కుట్టించుకున్న మెత్తను గాలిపటం సీటులో సర్దుతున్నాడు. "నడుం నొప్పి పుడుతుందమ్మా, ఇది పెట్టుకో" అంటున్నాడు. చుట్టూ జనం. పెద్దాయన వచ్చి చుక్కలమ్మ భుజం తట్టి ముందు వరసలో నిలబెట్టాడు. ఇప్పుడు చెప్పాలి. ఈ క్షణం దాటితే లాభం లేదు. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచింది.

"జాగ్రత్తగా వెళ్ళిరా" అంది.

పడవ వెళ్ళిపోయింది.

ఆ పడవకు ఇంధనం ఖర్చంతా కదలడానికీ, ఆగడానికే. మధ్యలో దారంతా ఊరికే జారుకుంటూ పోతుంది. అందుకని అది బయల్దేరిందంటే బోలెడు ఇంధనం పోయినట్టే. చుక్కలమ్మకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ భోజనాల గదిలో తెర ముందు అందరితోపాటు కూర్చుంది. అవమానంతో భూమి చీలి లోపలికి పోవాలనిపించింది అంటారు కదా. పాపం ఆవిడకు చీలడానికి భూమి కూడా లేదు.

అప్పుడు వచ్చాడు భర్త. మడిచిన ప్యాంటు అలాగే ఉంది, చేతుల్నించి నీళ్ళు కారుతున్నాయి. తెరమీద పడవను చూశాడు. భార్యను చూశాడు. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది ఆయనకు.

"పెద్దాయనా, పడవను ఆపించండి! అది చుక్క కాదు. నేను వదిలిన ఉతుకునీళ్ళు. మా ఆవిడ తూము కట్టమనే చెప్పింది. నేనే పరధ్యానంలో ఉండి తీశాను. తప్పు నాది."

పెద్దాయన ముందు పడవను వెనక్కి రమ్మని కబురు పెట్టాడు. తర్వాత చుక్కలమ్మవైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా అమ్మా, తూము కట్టమని?"

ఆవిడ తల వంచుకుంది. వంచిన తలను అందరూ అవుననుకున్నారు. అనుకోనిచ్చింది.

గాలిపటం తిరిగొచ్చి దుస్తులు కూడా విప్పకుండా అన్న మీద విరుచుకుపడింది. "తూము ఎప్పుడు తియ్యాలో తెలియనివాడివి నీకు నీళ్ళ గదెందుకు అన్నయ్యా? తాత ప్రయాణం మట్టిపాలు చేశావు! ఇక మిగిలిన ఇంధనంతో గడ్డ అంచుదాకా పోగలిగినా నడిపే మనిషి ఒక్కరి బరువే మొయ్యగలదు పడవ. తెలుసా నీకు?"

"తెలుసమ్మాయ్."

"తెలిసి ఏం ఉద్ధరించావు?"

పెద్దాయన ఆయన చేతిలోంచి నీళ్ళ గది తాళాలు తీసుకున్నాడు. అట్టడుగున, బయటి దుమ్ము పట్టేసిన జాలీలు గీకే పనికి వేశాడు. భోజనాల దగ్గర ఆయన కూర్చున్న బల్లనుంచి జనం ఒక్కొక్కరే కంచాలతో లేచి వెళ్ళేవారు. "నీళ్ళాయన వచ్చాడు, తడవకుండా జరగండర్రా" అని ఒకడు అంటే పక్కవాడు నవ్వేవాడు. ఎప్పుడూ నోరాగని మనిషి మాట్లాడకుండా తినేసి పోయేవాడు. అన్నిటికన్నా అత్తగారి తీరు చూడలేకపోయింది చుక్కలమ్మ. ఆవిడ కొడుకును నాలుగు వీధులు వినేలా తిట్టి, కోడలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నీ పేరు పాడు చేశాడే వెధవ. అయినా నువ్వు మాత్రం వాణ్ణి ఏమీ అనకు తల్లీ, వాడి మొహం చూడలేకుండా ఉన్నాను" అని బతిమాలింది.

ఇంట్లో ఆయన గోళ్ళ సందుల్లో మసి తీసుకుంటూ కూర్చున్నాడు.

"ఎందుకలా చెప్పారు?" అంది ఆవిడ.

"ఏం చేయను? నువ్వు చెప్పేట్టు లేవు. పడవ పోతోంది."

"నేను చెప్పలేదని చెప్పొచ్చుగా."

"మొన్న ఒకసారి నిన్ను అందరి ముందూ నవ్వులపాలు చేశాను. రెండోసారి నా వల్ల కాలేదే." చెయ్యి దులుపుకున్నాడు. "పోనీలే, మాట్లాడుతున్నావుగా. అమ్మకు పని తప్పింది."

ఆయన ఒక్క మాట తిట్టి ఉంటే ఆవిడకు తేలికయ్యేది. తిట్టు తింటే అరుగుతుంది. దయ అరగదు. మొగుడు తన బదులు అందరి కాళ్ళ కిందా పడి ఉంటే, తను పైన చూపుగది కుర్చీలో కూర్చుని చీకటి చూస్తోంది. అద్దంలో మొహం చూసుకోవడం కూడా మానేసింది. తల దువ్వకపోతే "పాపం, మొగుడి మీద దిగులు" అని జనం జాలిపడ్డారు. ఆ జాలి కూడా దొంగిలించిందే.

చివరికి ఒకరోజు పని మధ్యలో లేచి మసితాత గదికి వెళ్ళింది. ముందు ఆయన ఒక్కడికీ చెప్పాలనుకుంది. ఆయన చెవిలో మెల్లగా చెప్పి, ఆయన కాళ్ళమీద పడి, ఆ తర్వాత పెద్దాయన దగ్గరికి. అలా మెట్టు మెట్టుగా దిగొచ్చనుకుంది.

తాత గదంతా సీసాలు. దారిలో కిటికీల మీద చేరిన మసి, జాలీలకు పట్టిన మసి, అన్నీ విడివిడిగా. పడవ సీటునుంచి తిరిగొచ్చిన మెత్తను ఒళ్ళో పెట్టుకుని దాని కుట్లు ఊడదీస్తున్నాడు.

"తాతా, నేను తూము కట్టమని చెప్పలేదు" అంది మెల్లగా.

"ఏంటమ్మా?"

"నేను చెప్పలేదు తాతా. తప్పు నాది."

"కాస్త గట్టిగా అను. ఈ చెవి అసలు పనిచెయ్యదు, ఆ చెవి పనిచేసినట్టు నటిస్తుంది."

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు పెంచింది. "తూము కట్టమని నేను చెప్పనే లేదు!"

"ఎవరికి?"

"మా ఆయనకు! చెప్పకుండానే కన్ను తెరిచాను! ఆయన అబద్ధం చెప్పాడు, నా కోసం!"

ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత ఇంకోటి.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు తాత.

"మాటల్లేవు!"

"ఏం లేవు?"

"మాటలు తాతా! మా ఇద్దరికీ మాటల్లేవు!"

"ఎందుకు లేవు?"

ఇది ఆవిడ ఎవరికీ చెప్పాలనుకోలేదు. తూము సంగతి చెప్పొచ్చు, అది పనిలో తప్పు. ఇది అంతకన్నా చిన్నది, అందుకే అంతకన్నా సిగ్గు. వీధి తలుపులన్నీ తెరుచుకుని ఉన్నాయని ఆవిడకు తెలుసు. వెనక్కి చూడకుండా కళ్ళు మూసుకుని అరిచింది. "చెప్పులు తారుమారుగా వేసుకున్నానని అందరి ముందూ నవ్వులపాలు చేశాడు! అందుకు!"

వీధిలో ఎవరో ఫక్కుమని నవ్వారు. పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిచినట్టున్నారు, ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది.

తాత మెత్తను పక్కన పెట్టాడు.

"చెప్పులా" అన్నాడు.

"చెప్పులే తాతా."

"నేనిక్కడికి రావాలని ఎప్పుడనుకున్నానో తెలుసా..." అని మొదలుపెట్టి, ఇంక చెప్పడం ఇష్టంలేనట్టు ఆపేశాడు. ఆవిడ కాళ్ళమీద పడబోతే కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "కాళ్ళెందుకమ్మా నాకు, అవి ఎటూ పోలేవిప్పుడు. కోపం ఉంది నాకు. ఇవాళ పోయేది కాదు. వెళ్ళు. ముందు నీ మొగుణ్ణి అడుగునుంచి పైకి తీసుకురా."

ఆవిడ బయటికొచ్చింది. వీధికి రెండువైపులా జనం. పక్కకు జరిగి దారి ఇచ్చారు. దారి చివర గాలిపటం నిలబడి ఉంది.

"వదినా, నన్ను మురికినీళ్ళ మీదికి పంపావు. అది మర్చిపోతాను. మా అన్నయ్య మీదికి నా నోటిని పంపావు. అదెలా మర్చిపోను?"

"మర్చిపోవద్దమ్మాయ్" అంది చుక్కలమ్మ. ఇంకేమనగలదు?

అత్తగారు మాత్రం గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఎవరి మీద ఏడవాలో తెలియక ఇద్దరి మీదా ఏడ్చింది. "వాడికి నోరెక్కువ, నీకు రోషమెక్కువ. మధ్యలో ఆ ముసలాయన ఏం చేశాడే?" అంది.

అడుగున జాలీల దగ్గర భర్త తల నల్లగా, మొహం నల్లగా ఉన్నాడు. భార్యను చూసి, ఆవిడ వెనక మెట్లమీద గుమిగూడిన జనాన్ని చూసి, సంగతి గ్రహించి, "పిచ్చిదానా" అన్నాడు. ఆవిడ ఆయన చేతిలోని గీకుడుపార తీసుకుని జాలీ ముందు కూర్చుంది. పెద్దాయన దాన్నే శిక్షగా ఖాయం చేశాడు. పగలు చూపుగది, పని దిగాక జాలీలు. ఆయనకు నీళ్ళ గది తాళాలు తిరిగొచ్చాయి. బల్ల దగ్గరికి జనం కూడా తిరిగొచ్చారు, కాస్త ఎక్కువగానే నవ్వుతూ, మొన్నటివి మర్చిపోమన్నట్టు. ఆయన మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు.

గడ్డకు పడవ వెళ్ళిన రోజు గాలిపటం ఒక్కతే వెళ్ళింది. అంచుదాకా వెళ్ళి, ఆగి, కాసేపుండి వచ్చేసింది. లోపలికి పోవడానికి ఇంధనం లేదు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. వచ్చేటప్పుడు ఒక సీసాలో గడ్డ దుమ్ము పట్టుకొచ్చింది.

పెద్దాయన అందులో చాలా భాగం పరీక్షలకని దాచి, మిగిలింది మసితాతకిచ్చాడు. తాత భోజనాల గదిలో దాన్ని పంచాడు. బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి, చాచిన ప్రతి చేతిలో సీసా తట్టి, రవ్వంత రాల్చాడు. పిల్లలకు ముందు, పెద్దలకు తర్వాత. చేతుల్లో ఏమీ పడినట్టే ఉండదు, వేలితో రాస్తే మాత్రం నల్లటి గీత. "ఇంతేనా?" అని ఒక పిల్ల అంటే, "ఇంతే. దీంట్లోంచే చుక్కలు" అన్నాడు తాత.

చుక్కలమ్మ చివరి బల్ల దగ్గర, గోడకు ఆనుకుని కూర్చుంది. తాత వస్తున్నాడని చూసి చేతులు ఒళ్ళో పెట్టి పైట కప్పుకుంది. పక్కన భర్త చెయ్యి చాచాడు, ఆయన చేతిలో రాల్చాడు తాత. తర్వాత ఆవిడ ముందు ఆగాడు. ఆవిడ చెయ్యి చాచలేదు. ఆయన కదల్లేదు. గదంతా చూస్తోంది.

"నాకొద్దు తాతా" అంది. ఆయనకు వినబడదని తెలుసు, అయినా గట్టిగా అనే ధైర్యం లేకపోయింది.

"చెయ్యి" అన్నాడు తాత.

పైటకింది నుంచి చెయ్యి తీసింది. జాలీలు గీకి గీకి అప్పటికే నల్లగా ఉన్న చెయ్యి. ఇంకాస్త మసి పడితే తెలిసే చెయ్యి కాదది. తాత ఆ అరచేతిని చూసి, తన కండువా కొసతో మధ్యలో కాస్త మేర తుడిచాడు. మొహంలో నవ్వు లేదు, కోపం ఎంత తగ్గిందో కూడా తెలియదు. సీసా వంచి మెల్లగా తట్టాడు.

"ఊపిరి వదలకు. ఎగిరిపోతుంది" అన్నాడు.

ఆవిడ వదల్లేదు.